వచ్చింది వచ్చినట్టే

2023 మార్చి 21న, తెల్లారితే ఉగాది అనగా, కోట శ్రీనివాసరావు గారు ఒక వీడియో విడుదల చేశారు. సినిమా ప్రచారానికి కాదు, తాను బతికే ఉన్నానని చెప్పుకోవడానికి. ఆయన పోయారని ఎవరో పుట్టించారు. పుట్టినదాన్ని మనం ఊరూరా తిప్పాం. పొద్దుటి నుంచి ఆ ఇంటికి ఎడతెగని ఫోన్లు. పెద్దపెద్దవాళ్లు చూడ్డానికి వస్తారు, బందోబస్తు ఉండాలి గదా అని పోలీసులు వ్యాను వేసుకుని వచ్చేశారు కూడా. పండగ ఏర్పాట్లలో ఉన్న ఎనభై ఏళ్ల మనిషి తన చావు కబురును తానే ఖండించుకోవలసి వచ్చింది. ఎందరో దర్శకులు ఆయన చేత ఎన్నో వేషాలు వేయించారు గానీ ఈ వేషం ఒక్కరూ ఇవ్వలేదు. మనమిచ్చాం. ఆయన తెరకెక్కిన తొలి సినిమా 1978 నాటి ‘ప్రాణం ఖరీదు’. ఆ ఖరీదెంతో నలభై అయిదేళ్ల తరవాత తేలింది: ఒక థంబ్‌నెయిల్, రెండు ఏడుపు బొమ్మలు, ఒక దండం.

ఆయన నిజంగా కన్నుమూసింది 2025 జులై 13న. అంటే రెండేళ్లకు పైగా ముందే ఫొటోకు దండ వేసి, ‘సినీ పరిశ్రమకు తీరని లోటు’ అని రాసేసుకున్న ముందుచూపు మనది. రైల్వేవాళ్లు కూడా అరవై రోజులకు మించి ముందుగా టికెట్టు ఇవ్వరు.

ఇంతకీ దోషి ఎవరు? వెతకండి, ఒక్కడు దొరికితే చెప్పండి. యూట్యూబ్ చానల్ వాణ్ని అడిగితే ‘సోషల్ మీడియాలో వైరల్ అవుతోంటే చెప్పాం’ అంటాడు. సోషల్ మీడియా వాడు ‘యూట్యూబ్‌లో వచ్చింది చూడండి’ అంటాడు. టీవీ వాడు ‘నెటిజన్లు అంటున్నారు’ అని నెటిజన్ల మీదికి తోస్తాడు. నెటిజన్‌గారు ‘టీవీలోనే చూపించారండీ’ అని రిమోట్ చూపిస్తాడు. నలుగురూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని గుండ్రంగా నిలబడ్డారు. ఆ గుండ్రంలో మొదటివాడెవడో కనిపెట్టడం బ్రహ్మతరం కాదు.

ఇక మన ఇంటి సంగతి. ప్రతి కుటుంబ గ్రూపులోనూ ఒక బాబాయి ఉంటాడు. రిటైరయ్యాడు, ఆరోగ్యం బాగానే ఉంది, డేటా రోజుకు రెండు జీబీ. కాకరకాయ రసంతో క్యాన్సర్ మాయం దగ్గర్నుంచి, మన జాతీయ గీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ గీతంగా ప్రకటించిందన్న శుభవార్త దాకా అన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతాయి. ఆ యునెస్కో కబురు ఈమెయిళ్ల కాలం నాటిది. మేమలా ప్రకటించలేదు మహాప్రభో అని యునెస్కో ఏనాడో చెప్పింది. అయినా ఏటా ఆగస్టు 15కి, జనవరి 26కి బాబాయి ఆ సంస్థ చేత బలవంతంగా ప్రకటన చేయిస్తూనే ఉన్నాడు. ఎవడో కుర్రాడు ఉండబట్టలేక అడుగుతాడు.

‘బాబాయ్, ఇది నిజమేనా?’

‘ఏమోరా. వచ్చింది వచ్చినట్టు పంపా.’

‘మరి అబద్ధమైతే?’

‘అబద్ధమైతే చదవకు.’

దీనికి మించిన జవాబు సుప్రీంకోర్టులో కూడా వినబడదు. చదివే బాధ్యత నీది, నమ్మితే తప్పు నీది, నమ్మకపోతే పెద్దల మీద గౌరవం లేనిదీ నీకే. పంపినవాడు మాత్రం పోస్ట్‌మాన్. అయితే నిజం పోస్ట్‌మాన్‌కు ఒక నియమముంది. చిరునామా లేని ఉత్తరాన్ని ఆయన దొరికిన ప్రతి ఇంట్లోనూ పడేయడు.

ద్రోణుడు అడిగితే ఏకలవ్యుడు బొటనవేలు కోసిచ్చాడు, పాపం అమాయకుడు. వాట్సాప్ విశ్వవిద్యాలయం అంత కఠినమైనది కాదు. వేలు మన చేతికే ఉంచుతుంది, దాన్ని ఆడించే పని మాత్రం తను తీసుకుంటుంది. ఫీజు లేదు, హాజరు లేదు. చేరిన రోజే ప్రొఫెసర్.

ఈ వేలి పరాక్రమం అమెరికా దాకా పాకింది. భారతదేశంలో ఫోన్లు ఎందుకిలా నిండిపోయి మొరాయిస్తున్నాయని గూగుల్ ఇంజనీర్లు తల పట్టుకుని ఆరా తీస్తే, వెంకటేశ్వరస్వామి పక్కన గులాబీ, గులాబీ పక్కన కాఫీ కప్పు, కప్పు మీద ‘శుభోదయం’ బయటపడ్డాయి. వాటిని ఏరి పారేయడానికి ఆ కంపెనీ తన యాప్‌లో ప్రత్యేకంగా ఏర్పాటు చేయాల్సి వచ్చిందని 2018లో పత్రికలు రాశాయి. శుభోదయాల మీద నాకు పెద్ద కోపం లేదు. ఎవరినీ చంపవు. ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడని రోజూ ఒక కబురు, అంతే. కోటగారికి జరిగినదానితో పోలిస్తే ఎంతో నయం.

చదవకుండా పంచే విద్య మనకొక్కరికే వచ్చనుకుని గర్వపడనక్కర్లేదు. ట్విట్టర్‌లో జనం పంచిన వార్తల లింకుల్లో 59 శాతాన్ని ఎవరూ నొక్కి చూడనే లేదని కొలంబియా యూనివర్సిటీ, ఫ్రాన్స్ పరిశోధకులు కలిసి 2016లో తేల్చారు. రెండేళ్ల తరవాత ఎమ్ఐటీ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 2006 నుంచి 2017 దాకా అదే ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలిస్తే, అబద్ధాన్ని జనం మళ్లీ పంచే అవకాశం నిజంకన్నా 70 శాతం ఎక్కువగా కనిపించింది. 1,500 మందిని చేరడానికి నిజానికి ఆరు రెట్ల సమయం పట్టింది. ఇదంతా యంత్రాల పనేమో అని ఆశగా చూశారు. కాదు, మనుషులే. నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలన్నారు. ఆ నిలకడకు వేలు ఒప్పుకోవాలిగా!

2020 ఫిబ్రవరి గుర్తుందా? కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్నారు. ఎవరన్నారు? వచ్చింది వచ్చినట్టే. మన రాష్ట్రాల్లో ఇంకా ఆ జబ్బు అడుగు కూడా పెట్టకముందే కోడి కుప్పకూలింది. ఆదివారం ముక్క లేనిదే ముద్ద దిగని జనం బెండకాయ వైపు భక్తిగా చూశారు. అప్పో సొప్పో చేసి షెడ్లు వేసిన కోళ్ల రైతులు మేత ఖర్చు కూడా రాక నెత్తిన చేతులు పెట్టుకున్నారు. చివరికి ఆ నెలాఖరున హైదరాబాద్‌లో వేదిక కట్టి కేటీఆర్, ఈటల, తలసాని వంటి అప్పటి మంత్రులు జనం చూస్తుండగా చికెన్ తిన్నారు. ప్రభుత్వ ఖండన కాగితం మీద ఇస్తే ఎవరూ నమ్మరు గనక కోడికాలు మీద ఇవ్వాల్సి వచ్చింది. ఆరోగ్యశాఖ మంత్రి బహిరంగంగా నమిలి మింగితే తప్ప జనానికి ధైర్యం రాని పరిస్థితి తెచ్చింది ఏ వైరస్సూ కాదు. తరవాత కొన్నాళ్లకే, గుడ్డూ కోడీ తింటే రోగనిరోధక శక్తి పెరుగుతుందని అవే గ్రూపుల్లో, అవే వేళ్లు, అంతే నమ్మకంగా పంపాయి. మొదటి కబురు తప్పని మాత్రం ఒక్క వేలూ కదల్లేదు. పంపినదాన్ని సవరించుకునే ఆచారం ఆ విశ్వవిద్యాలయంలో లేదు.

వాట్సాప్ కంపెనీవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు లెండి. 2018 జులైలో, కారణం కాసేపాగి చెబుతాను, ఫార్వర్డ్ అయిన సందేశానికి గుర్తు పెట్టారు. మన దేశంలో ఒకసారికి అయిదుగురికి మించి పంపకుండా కట్టడి చేశారు. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చేతులు చాలా మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్కచోటికే పంపాలన్నారు. అలాంటివి దాంతో 70 శాతం తగ్గాయని వాళ్లే చెప్పుకున్నారు. బాబాయి తగ్గాడా? స్క్రీన్‌షాట్ తీశాడు. స్క్రీన్‌షాట్‌కు బాణం గుర్తు ఉండదు, వయసు ఉండదు, పుట్టుపూర్వోత్తరాలు ఉండవు. పాత అబద్ధం స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కొత్త పెళ్లికూతురై మళ్లీ గ్రూపులో కూర్చుంది.

కుర్రకారు ఇక్కడ నవ్వుకుంటూ ఉంటారని తెలుసు. ‘అదంతా ముసలివాళ్ల గ్రూపుల గోల, మాది ట్రెండ్’ అంటారు. అవును నాయనా, మీది ట్రెండే. బాబాయిది ఫార్వర్డ్, మీది రీల్. ఆయన చదవకుండా పంపుతాడు, మీరు చదవకుండా నాట్యమాడతారు.

2020 లాక్‌డౌన్‌లో ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ సకుటుంబంగా ‘బుట్టబొమ్మ’కు టిక్‌టాక్‌లో చిందేశాడు. ముచ్చటగానే ఉంది, కాదనను. అదే ఏడాది జూన్ నెలాఖరులో టిక్‌టాక్‌ను నిషేధించారు. జాతి మూగబోతుందేమో అనుకున్నాం. జులైలోనే రీల్స్ దిగింది. భోజనాల బంతిలో విస్తరి మారినంత సేపు కూడా పట్టలేదు.

అప్పట్నుంచి చూడండి మన వైభవం. హైదరాబాద్‌లో ఒక ముసలాయన మైకు ముందు కోపంగా ‘కుర్చీ మడతపెట్టి’ అంటూ ఒక బూతు మాట అన్నాడు. మైకు పట్టుకున్నవాడికి అది ఇంటర్వ్యూ, చూసినవాళ్లకు వినోదం. ఆ ముసలాయన బతుకేమిటి, అంత కోపమెందుకని అడిగే తీరిక ఎవరికీ లేదు. మాటలో మొదటి సగం సినిమా వాళ్లు తీసుకున్నారు. 2024 సంక్రాంతికి ‘గుంటూరు కారం’లో అది పాటయింది. పాట రీలయింది. రీలు పెళ్లి సంగీత్‌లకు వెళ్లింది. అక్కణ్నుంచి బడి వార్షికోత్సవానికి వచ్చింది. నలుగురిలో చెప్పుకోలేని మాటకు రెండో తరగతి పాపలు పట్టుపావడాలతో చిందేస్తుంటే తల్లిదండ్రులు మురిసిపోతూ ఫోన్లెత్తి తీస్తున్నారు. ఇంట్లో ఆ పిల్లే అదే మాట అంటే చెంప పగులుతుంది. వేదిక మీద అంటే స్టేటస్ పెడతారు.

అదే జనవరిలో ఇంకో ఘనకార్యం. మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం, కూరలు వండి అమ్ముకునే ఒకామె బిల్లు చెబుతూ రెండు లివర్లు ఎక్స్‌ట్రా అన్న మాట మీమ్ అయింది. ఆమె చేసింది లెక్క చెప్పడం. లోకంలో కూరల బండి దగ్గర ఇంకేం చెబుతారు? కానీ మన వేళ్లకు అది చాలు. భోంచేసేవాళ్లకన్నా మైకులవాళ్లు ఎక్కువయ్యారు. తినడానికి వచ్చినవాడు ముద్ద కలపకముందే ‘బ్రో, టేస్ట్ ఎలా ఉంది?’ అని నోటి దగ్గర మైకు. సినిమా వాళ్లు ప్రచారానికి వచ్చారు. ట్రాఫిక్ ఆగింది. పోలీసులొచ్చి బండి మూయించారు. ఆఖరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుంటే గానీ ఆమె మళ్లీ పొయ్యి వెలిగించుకోలేకపోయింది. ఒక మనిషి కూర అమ్ముకోవడానికి రాష్ట్ర ముఖ్యమంత్రి ఉత్తర్వు కావలసివచ్చిన సందర్భం! ఆమెను ఆకాశానికెత్తింది మనమే, రోడ్డున పడేసిందీ మనమే, తిరిగి పొయ్యి వెలిగితే ‘సోషల్ మీడియా విజయం’ అని చప్పట్లు కొట్టుకుందీ మనమే. పాపం ఆ మూయించిన రోజు వండిన కూరలేమయ్యాయో ఒక్క రీలూ చెప్పలేదు.

2025 మార్చి చివర, ఫొటోను యంత్రం చేత జపాన్ స్టూడియో జిబ్లీ తరహా బొమ్మగా గీయించుకునే జ్వరమొచ్చింది. పెళ్లి ఫొటోలు, సీమంతాలు, కుక్కపిల్లలు, చివరికి పార్టీల నాయకులు కూడా పెద్ద కళ్లతో జపాన్ పిల్లలైపోయారు. యంత్రం కదిలించిన బొమ్మను చూసి, ఇది జీవితానికే అవమానమని జిబ్లీ స్థాపకుల్లో ఒకరైన మియజాకి 2016 నాటి డాక్యుమెంటరీలో ఈసడించుకున్నారు. ఆయన సినిమా ఒక్కటీ చూడనివాళ్లు ఆయన గీతను అరనిమిషంలో మొహానికి పూసుకున్నారు. పోనీ గీతల మీద ప్రేమేనా అంటే, బాపు పుట్టిన నేల మీద ఆ వారమంతా బాపు ఎవరికీ గుర్తు రాలేదు. పది రోజులకు జ్వరం తగ్గింది. మన మొహాలు మాత్రం ఆ యంత్రం కంపెనీ దగ్గర ఉండిపోయాయి.

ఈ జాతరకు చందా ఎవరిస్తారనుకున్నారు? డాన్సులు, వంటలు, ప్రాంక్‌లు చూపించి మన వేలిని మచ్చిక చేసుకున్నవాళ్లలో కొందరు ఆ వేలిని నెమ్మదిగా బెట్టింగ్ యాప్ మీదికి నడిపించారు. 2025 మార్చిలో మియాపూర్ పోలీసులు సినిమా వాళ్లు, యూట్యూబర్లు కలిపి 25 మంది మీద కేసు పెట్టారు. తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది. అన్నా అక్కా అని పిలిపించుకుంటూ లింకు బయోలో ఉందని చెప్పే ఈ బంధుత్వం మాత్రం మన చుట్టరికాల్లో కొత్తది. అప్పులపాలైతే పరామర్శకు రాని చుట్టరికం.

ఇప్పుడు ఇందాక ఆపిన కారణం చెబుతాను. ఇకనుంచి నవ్వించే ఓపిక నాకు లేదు.

పాకిస్తాన్‌లోని కరాచీలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ, తల్లిదండ్రులను హెచ్చరించడానికి ఒక వీడియో చేయించింది. ఇద్దరు బైకు మీద వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. తరవాత వెనక్కొచ్చి పిల్లాణ్ని దింపి, పిల్లల్ని ఎత్తుకుపోవడానికి క్షణం చాలు సుమా అని రాసిన అట్ట చూపిస్తారు. ఎవడో ఆ చివరి ముక్క కత్తిరించాడు. మిగిలింది 2018లో మన ఫోన్లలో తిరిగింది. కింద మాటలు ఎవరి భాషలో వాళ్లు రాసుకున్నారు. తెలుగులో కూడా రాశారు. ‘దొంగలు మన ఊరు వచ్చారు, పిల్లలు జాగ్రత్త.’ పంపినవాళ్లలో దుర్మార్గులు ఎంతమందో తెలీదు. ఎక్కువమంది తల్లులు, తండ్రులు, టీచర్లు. అందరిదీ ఒకటే మాట: ఎందుకైనా మంచిదని పంపాం.

ఎందుకైనా మంచిదని పంపిన ఆ మేలు ఫలితంగా, మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలె జిల్లా రైన్‌పాడాలో, భిక్షాటనతో బతికే సంచార జాతి వాళ్లను అయిదుగురిని చంపారు. జులై 13న మన హైదరాబాద్ కుర్రాళ్లు కొందరు కారులో బీదర్ జిల్లాకు వెళ్లారు. దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే వాళ్ల నేరం. అక్కడివాళ్లు అనుమానించారు, ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టారు. కారు కన్నా వీడియో ముందు చేరింది. ముర్కి గ్రామం దగ్గర దారి మూసి, గుంపు సిద్ధంగా ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చనిపోయాడు. ఆ గుంపులో చాలామందికి అంతకుముందు అతని మొహం కూడా తెలీదు. పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో ఆ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు.

అదే 2018లో, అదే వీడియోలు తిరిగిన జోగులాంబ గద్వాల జిల్లాలో ప్రాణం పోలేదు. ఎస్పీ రెమా రాజేశ్వరి ఏ యాప్‌నూ నమ్ముకోలేదు. కానిస్టేబుళ్లకు ఊళ్లు పంచారు. వాళ్లు ఊరి గ్రూపుల్లో చేరారు, రచ్చబండ దగ్గర కూర్చున్నారు, డప్పు పట్టుకుని పాటలు కట్టి అబద్ధాన్ని అబద్ధమని వీధి వీధినా చెప్పారు. చాటింపు వేసేవాడికి మొహం ఉంటుంది, పేరు ఉంటుంది. ‘ఎవరు చెప్పారు?’ అని అడిగితే ‘నేనే చెప్పాను’ అనగలడు. ఇంత సాంకేతికత వచ్చాక మనం పోగొట్టుకున్నది సరిగ్గా అదొక్కటే.

‘వచ్చింది వచ్చినట్టే’ అన్న వాదన కోర్టు దాకా కూడా వెళ్లింది. తమిళ నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి. శేఖర్ 2018లో మహిళా పాత్రికేయులను కించపరిచే రాత ఒకటి ఫేస్‌బుక్‌లో పంచారు. తరవాత, చదవకుండా పంచానని, తెలిశాక తీసేశానని చెప్పుకున్నారు. 2023 జులైలో మద్రాసు హైకోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. ఫార్వర్డ్ చేసిన సందేశం విల్లు విడిచిన బాణం లాంటిదని, అది చేసే నష్టానికి పంపినవాడే బాధ్యత వహించాలని చెప్పింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో చెన్నై ప్రత్యేక కోర్టు ఆయనకు నెల రోజుల జైలు వేసింది. బాబాయ్, ఈ కబురు నీ దాకా వచ్చినట్టు లేదు. వచ్చి ఉంటే వచ్చినట్టే పంపేవాడివి.

జైళ్లు పెంచమని నేను అడగడం లేదు. అన్ని వేళ్లకు సరిపడా గదులు ఏ ప్రభుత్వమూ కట్టలేదు. అడిగేది ఒక్కటే. ఈసారి ఏదైనా పంపాలనిపిస్తే దాని కింద మీ చేత్తో టైపు చేయండి: ‘ఫలానా ఊరు, ఫలానా నేను, దీన్ని మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఇది నిజం. పూచీ నాది.’ మీ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాయండి. రాయడానికి చెయ్యి రాకపోతే, పంపడానికి కూడా రానివ్వకండి.